బూజు వెనక దాక్కున్నది

నా ఊపిరితిత్తిలో బూజు పట్టిందని డాక్టరు చెప్పిన రోజు మా ఇంట్లో అందరూ సంతోషించారు. మా అబ్బాయి రవి ఆసుపత్రి మెట్ల మీదే ఫోను తీసి, "భయపడక్కర్లేదు, అది కాదంట, ఉత్త ఫంగసే" అని చుట్టాలందరికీ చెప్పాడు. కోడలు సునీత ఆకాశం వైపు దండం పెట్టింది. తిరుగు దారిలో మిఠాయి కూడా కొన్నారు. బూజు పట్టిందని మిఠాయి తిన్న ఇల్లు ఈ ఘాజియాబాద్ మొత్తంలో మాదొక్కటే అయి ఉంటుంది.

నేనూ తిన్నాను ఆ మిఠాయి. ఆ బూజు వెనక ఇంకొకటి దాక్కుని ఉందని తరువాత ఇంట్లో అందరికీ తెలిసింది, నాకు తప్ప. నాకు చెప్పకపోవడం వల్ల ఏం జరగబోయిందో అది మరో ఇంట్లో జరగకూడదని ఇది రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. రాతలో తప్పులుంటే ఉంటాయి. ఊపిరి నాది కాబట్టి దాని సంగతి నేనే చెప్పాలి.

దీపావళి వెళ్లాక మొదలైంది. ఆ రోజుల్లో ఇక్కడ దగ్గని మనిషి ఉండడు. గాలి బూడిదరంగుకి తిరుగుతుంది, ఎదుటి అపార్టుమెంటు కనపడదు, బళ్లకు సెలవులిచ్చేస్తారు. మా వారు కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేసినన్నాళ్లూ సరోజినీ నగర్ క్వార్టర్సులో ఉన్నాం. ఆయన పోయాక రవి ఫ్లాటుకి వచ్చేశాను. ఇన్నేళ్లలో ఢిల్లీ దగ్గు నాకేమీ కొత్త కాదు. వాము నీళ్లు తాగాను, పసుపు వేసి ఆవిరి పట్టాను. పొగమంచు వచ్చింది, తగ్గింది, దగ్గు మాత్రం ఉండిపోయింది. ఒక ఉదయం కఫంలో ఎర్రటి జీర కనిపించింది. నీళ్లు పోసి కడిగేసి ఊరుకున్నాను. మర్నాడు మళ్లీ కనిపించింది. అప్పుడు చెప్పాను.

ముందు టీబీ అన్నారు. నా కంచం, గ్లాసు వేరుగా పెట్టారు. టీబీ కాదని తేలాక వాటిని మళ్లీ అందరి వాటితో కలిపారు గానీ, నా గ్లాసులో నీళ్లు తాగే ముందు ప్రతివాళ్లూ ఒకసారి ఆగడం నేను చూస్తూనే ఉన్నాను. తరువాత స్కాను తీశారు. ఎడమవైపు కింద మచ్చ ఉందన్నారు. గొంతులోంచి సన్నటి గొట్టం దింపి లోపల చూశారు. చెరువులో మునిగిపోతున్నట్టు ఉంటుంది అది. పక్కనున్న నర్సు, మలయాళీ పిల్ల, నా చెయ్యి గట్టిగా పట్టుకుని "బస్ అమ్మా, బస్, హో గయా" అంటూనే ఉంది. ఇంకా ఏమీ కాలేదని నాకు తెలుసు. అయినా ఆ పిల్ల చెయ్యి లేకపోతే గొట్టం పీకేసి లేచి వచ్చేసేదాన్ని.

లోపల కడిగిన నీళ్లు ఒక పరీక్షకి, చిన్న ముక్క ఒకటి ఇంకో పరీక్షకి పంపారు. నీళ్ల ఫలితం ముందు వచ్చింది. అదే బూజు. ఇంట్లో పావురాలు గూళ్లు పెడతాయా, గోడలకు చెమ్మ ఉందా, కూలరు వాడతారా అని డాక్టరు అడిగాడు. కూలరు అనగానే రవి, సునీత ఇద్దరూ నా వైపు తిరిగారు.

ప్రతి వేసవికీ కూలరు గడ్డి కొత్తది కొనడం నాకు గిట్టదు. పాతది ఉతికి, ఎండబెట్టి, గోనెసంచిలో కట్టి బాల్కనీలో దాస్తాను. ఇంటికి రాగానే ఆ సంచి పోయింది. దానితో పాటు నా పాత రజాయిలు రెండూ పోయాయి.

"ఎన్నిసార్లు చెప్పాను అత్తయ్యగారూ, పారేద్దామని?" అంది సునీత.

"డాక్టరు గడ్డి వల్ల అనలేదు."

"గడ్డి వల్ల కాదనీ అనలేదు కదండీ."

ఆ నోటి ముందు నిలవడం కష్టం. కానీ డాక్టరు ఇంకో మాట కూడా చెప్పాడు. ఈ బూజు గాలిలో అంతటా ఉంటుంది, అందరూ పీలుస్తారు, ఒకరికే ఎందుకు అంటుకుంటుందో ఎప్పుడూ చెప్పలేం అన్నాడు. ఆ మాటను మావాళ్లు ఆసుపత్రిలోనే వదిలేసి, కూలరు గడ్డిని మాత్రం ఇంటికి తెచ్చుకున్నారు. జబ్బుకి ఒక కారణం దొరికితే ఇంట్లోవాళ్లకు కాస్త ఊపిరాడుతుంది. ఆడనిమ్మని ఊరుకున్నాను.

ముక్క ఫలితం కోసం రవి ఒక్కడే వెళ్లాడు. చీకటి పడ్డాక వచ్చాడు. షూ విప్పకుండానే కుర్చీలో కూర్చుని, "అదీ అదేనమ్మా. ఫంగసే" అన్నాడు. వాడు అన్నం తినలేదు. ఆఫీసులో తిన్నాడేమో అనుకున్నాను.

బూజు మాత్రలు మొదలుపెట్టారు. వేసుకున్న కాసేపటికి ట్యూబులైటు చుట్టూ రంగులు కదిలేవి, గోడ దగ్గరకొచ్చి వెనక్కి వెళ్లినట్టుండేది. ఎండలోకి వెళ్తే మొహం మాడిపోయి నల్లబడింది. నోట్లో రుచి లేదు. అయినా ఒక్క మాత్ర వదల్లేదు, చెప్పిన వేళకి వేసుకున్నాను. హోలీ నాటికి దగ్గు సగానికి తగ్గింది. స్కానులో మచ్చ కూడా చిన్నదైందన్నారు.

"ఇంక చాలు. ఆసుపత్రి చుట్టూ తిరగడం నావల్ల కాదు, మానేస్తున్నా" అన్నాను.

చెప్పుల జత కొనాలన్నా నాతో వాదించే రవి, "నీ ఇష్టం అమ్మా" అన్నాడు. ఆ పూట వాడు నా మాట విన్నాడని నేను మురిసిపోయాను.

ఆ తరువాత ఇల్లు మారిపోయింది. ఎండలు ముదరకముందే నా గదిలో ఏసీ పెట్టించారు. నేను కట్టేస్తే సునీత వచ్చి మళ్లీ వేసేది. నేను ఏమన్నా ఎదురు చెప్పడం మానేసింది. పప్పులో ఉప్పు ఎక్కువైందంటే, "అవునండీ, నాదే పొరపాటు" అంది. పెళ్లై వచ్చిన ఇన్నేళ్లలో ఆ మాట ఆమె నోట వినలేదు నేను. అన్నిటికంటే మా మనవరాలు మహి. అది ఇక్కడే పుట్టి పెరిగింది, కాలేజీలో చదువుతోంది. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పడం దానికి మాటలు వచ్చినప్పటి నుంచి అలవాటు. అలాంటిది ఒక రోజు నా మంచం మీద కూర్చుని, "నానమ్మా, నువ్వు అన్నం తిన్నావు?" అంది.

"తిన్నాను. ఏం, మీ అమ్మ నీకు పెట్టలేదా?"

"అదికాదు. నీతో మాట్లాడాలి... అనిపించింది."

కూడబలుక్కుని, ఎక్కడో నేర్చుకుని వచ్చినట్టు అంది. ఇదేమిటి, ఈ పిల్లకి ఏదో కావాలి, స్కూటీయేమో అనుకున్నాను. అనుమానం అంతకంటే ముందుకు పోలేదు.

మే నెలలో ఇక్కడి మార్కెట్టుకి రామ్‌కేలా అనే పుల్లటి మామిడికాయ వస్తుంది. మన కాయంత పీచు ఉండదు గానీ ఆవకాయకి పనికొస్తుంది. ఏటా ఈ విషయంలో నాకూ సునీతకూ గొడవే. అంత నూనె ఎవరు తింటారు, కాసిన్ని చాలు అంటుంది తను. ఈసారి తనే వెళ్లి, బండివాడితో ముక్కలు కొట్టించి, పెద్ద టబ్బు నిండా తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇన్నెందుకు? అపార్టుమెంట్ల సొసైటీ మొత్తానికి పంచుతావా?"

"రెండేళ్లకి సరిపడా పెట్టేయండి అత్తయ్యగారూ."

మహి ఫోను పట్టుకుని ఎదురుగా నిలబడింది, వీడియో తీస్తోంది. "నానమ్మా, ఉప్పు ఎంత? స్లోగా చెప్పు. చెయ్యి చూపించు" అంటోంది.

ఆవపొడిలో పెట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆవకాయ ఏడాదికి పెడతారు. మళ్లీ వేసవి వస్తుంది, మళ్లీ కాయ వస్తుంది, మళ్లీ పెడతారు. రెండేళ్లకి పెట్టమన్నారంటే వచ్చే ఏడు పెట్టే మనిషి ఉండదని లెక్క. నేను తలెత్తి సునీత మొహం చూశాను. ఆమె చూపు తిప్పుకుంది. ఏదో అనబోయాను, కారం ఘాటు గొంతులోకి పోయింది. దగ్గు ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకుని తీసి చూస్తే ఎరుపు. ముగ్గురం చూశాం.

"వచ్చే ఏడు మామిడిచెట్లు కాయవా?" అని అడిగాను.

"అయ్యో, అలా కాదండీ..."

"నేను పోతున్నానా? సూటిగా చెప్పు."

"అవేం మాటలు అత్తయ్యగారూ."

మహి ఫోను కిందికి దించి, "మమ్మీ, బతా దో న ప్లీజ్. ఇన్‌కో సబ్ సమఝ్ ఆతా హై" అని ఏడ్చేసింది. అన్నీ అర్థమవుతాయి ఈవిడకి, చెప్పెయ్యి అని తల్లిని బతిమాలుతోంది.

సునీత నేల మీద, మామిడి ముక్కల పక్కనే చతికిలబడింది. "ముక్క పరీక్షలో వచ్చిందండీ. క్యాన్సరే. అరుదైన రకం అన్నారు. గాలి గొట్టంలో చిన్న గడ్డ ఉందట, నెమ్మదిగా పెరుగుతుందట. అది అడ్డం పడబట్టే వెనకాల బూజు చేరిందట."

"ఏం చెయ్యాలన్నారు?"

"ముందు బూజు తగ్గించి, తరువాత ఆపరేషన్ చేసి ఆ భాగం తీసేయాలన్నారు."

"బూజు తగ్గింది కదా హోలీకి?"

ఆమె నేల మీద పడ్డ ఆవపొడిని చేత్తో ఊడ్చడం మొదలుపెట్టింది.

నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఇంటి పెద్దకు జబ్బు పేరు చెప్పకపోవడం ప్రేమ అని మనవాళ్ల నమ్మకం. మనిషి దిగులు పడిపోతుందని దాస్తారు. నేను దిగులు పడలేదు, నిజమే. నయమైందనుకుని ఆసుపత్రి మానేశాను. హోలీ నుంచి మామిడికాయల దాకా ఆ గడ్డను హాయిగా పెరగనిచ్చాం, అందరం కలిసి, ఏసీ వేసి.

సాయంత్రం రవి ఆఫీసు నుంచి రాగానే ఎదురు కూర్చున్నాను.

"ఎవర్నడిగి మాన్పించావురా నా వైద్యం?"

వాడు సునీత వైపు చూశాడు, తరువాత నేల చూశాడు. "నువ్వే కదమ్మా రానన్నావు."

"బూజుకి రానన్నాను. క్యాన్సరుకి రానన్నానా?"

"అమ్మా, నీకు డెబ్బై దాటాయి. షుగరుంది. రొమ్ము పక్కన కోసి ఊపిరితిత్తి తియ్యాలంట. టేబులు మీదే ఏమన్నా అయితే? నాన్న లోపలికి నడిచి వెళ్లాడు. బైటికి ఎలా వచ్చాడో నువ్వూ చూశావు, నేనూ చూశాను. సంతకం పెట్టింది నేను. ఇంకోసారి పెట్టలేనమ్మా."

మా వారి ఆపరేషన్ సంగతి అది. వాడు అప్పటినుంచీ మోస్తున్నాడని నాకు ఆ సాయంత్రమే తెలిసింది. మనసు కరిగింది. అయినా మాట కరగనివ్వలేదు.

"నువ్వు పెట్టొద్దు. నా సంతకం నేను పెడతాను. అది నేర్చుకోవడానికే ఐదో తరగతి దాకా పోయాను. పోతే నేను పోతాను. కానీ ఏ జబ్బుతో పోతున్నానో తెలియకుండా మీరు పెట్టిన మిఠాయి తింటూ పోను."

మర్నాడే బయలుదేరాం. క్యాబు పిలుస్తానంటే వద్దన్నాను, మెట్రో ఉండగా అదెందుకు. ఆ పెద్ద సర్కారు ఆసుపత్రిలో వరండా అంతా జనం. ఇనప బెంచీలు, తెచ్చుకున్న దుప్పట్లు, పరాఠాల వాసన. హాపుర్ నుంచి వచ్చిన ఒకావిడ తన బెంచీలో సగం జరిగి నాకు చోటిచ్చింది. ఆమె భర్తకి గొంతు జబ్బు. నేను దగ్గినప్పుడల్లా విసనకర్ర నా వైపు తిప్పేది. పేరు కూడా అడగలేదు. మధ్యాహ్నం దాకా ఇద్దరం ఒకరి వంతు ఒకరు కాశాం.

పిలుపు వచ్చింది. లోపల కోత డాక్టరు, ఆడమనిషి. రవిని కూర్చోమని చెప్పి, నాతో మర్యాదగానే, "మాతాజీ, మీరు బయట కూర్చోండి, అబ్బాయితో మాట్లాడతాను" అంది హిందీలో.

"జబ్బు నాకు. బయట కూర్చోవాలంటే వాణ్ణి కూర్చోమనండి" అన్నాను నేనూ హిందీలోనే. సరోజినీ నగర్ బజారులో బేరాలాడి నేర్చుకున్న హిందీ, కాస్త గట్టిగానే వస్తుంది.

ఆవిడ నన్ను ఒకసారి చూసి, కుర్చీ నా వైపు తిప్పుకుంది. రవి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మోరీకి రాయి అడ్డం పడితే వెనక నీళ్లు నిలిచి పాచి పడుతుంది కదా, మాత్రలతో పాచి పోయింది, రాయి అలాగే ఉంది, అది తీయకపోతే పాచి మళ్లీ వస్తుంది, రాయీ పెరుగుతుంది అని చెప్పింది. నేను రెండే అడిగాను. కోస్తే బతుకుతానా? కోయకపోతే ఏమవుతుంది?

"కోస్తే ప్రమాదం ఉంది. మీ వయసుకి, షుగరుకి ఇంకొంచెం ఎక్కువ. కానీ ఇది మెల్లగా పెరిగే రకం, మొత్తం తీసెయ్యగలిగితే చాలాకాలం బాగుంటారనే నా ఆశ. కోయకపోతే ఊపిరి కొంచెం కొంచెంగా మూసుకుపోతుంది."

ఇంత భయంకరమైన మాటలు విన్నాక నాకు ఆకలేసింది. నిజంగా. బయటికొచ్చి, తెచ్చుకున్న పెరుగన్నం మొత్తం తిన్నాను. ఎదురుగా ఏముందో కనపడితే మనిషికి కాళ్లు వస్తాయి. అందరూ నవ్వు మొహాలు పెట్టుకుని చుట్టూ తిరుగుతుంటేనే గుడ్డిగా ఉంటుంది.

వానాకాలంలో ఆపరేషన్ అయింది. భయం వెయ్యలేదని చెప్పను. లోపలికి తీసుకెళ్లే ముందు పళ్ల సెట్టు తీసెయ్యమన్నారు. బోసినోటితో నలుగురి ముందు నుంచి పోవాలంటే, ఛాతీ కోస్తారన్న దానికంటే అదే ఎక్కువ సిగ్గనిపించింది. సునీత తన చున్నీ నా మొహానికి అడ్డం పట్టుకుని తలుపు దాకా నడిచింది. పళ్లు స్టీలు గ్లాసులో వేసి, మూత పెట్టి, నేను బయటికొచ్చేదాకా ఒళ్లోనే పెట్టుకుని కూర్చుందట. మంచినీళ్లకి కూడా లేవలేదట. మహి చెప్పింది.

లేచాక నొప్పి. దాని గురించి అందంగా రాయడానికి నాకు చేతకాదు. పక్కలోంచి గొట్టం వేలాడుతుంది, దగ్గితే ప్రాణం పోతుంది, దగ్గకపోతే నర్సు తిడుతుంది. మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి, గాలి పీల్చి బంతులు పైకి లేపమన్నారు. ఒక్కటీ కదల్లేదు. పక్క మంచం ఆమెకి రెండు లేచాయి. నాకు పంతం వచ్చింది. ఇంటికి పంపే నాటికి మూడూ లేపాను, మూడోది కాసేపు కూడా నిలబడకుండానే పడిపోయింది, అది వేరే సంగతి.

ఇంటికి వచ్చాక సొసైటీ ఆంటీలందరూ వరసగా వచ్చారు. తిప్పతీగ రసం తాగమని ఒకామె, ఆవు మూత్రం అని ఇంకొకామె. అంకుల్ సిగరెట్లు తాగేవారా, మీరు కట్టెల పొయ్యి మీద వండారా, ఏం పాపం చేశారు అని అడిగినట్టే అడిగారు. ఎందుకొచ్చిందో డాక్టరుకే తెలియదు, మీకు తెలిస్తే వెళ్లి ఆమెకి చెప్పండి అన్నాను. రావడం తగ్గించారు. మంచిదే, టీపొడి మిగిలింది.

బూజు మాత్రలు ఇంకొన్ని నెలలు వేసుకున్నాను. ఎడమవైపు కింది భాగం లేదు ఇప్పుడు. మెట్లు ఎక్కాలంటే మధ్యలో ఆగాలి. నయమైందని ఎవరూ అనలేదు. చూస్తూ ఉండాలి, ఏళ్ల తరబడి రావాలి అన్నారు. వస్తాను. స్కాను ఫలితం ముందు నా చేతికే ఇవ్వాలని రవితో ఒప్పందం. ఇంగ్లీషు నాకు రాదు. మహి చదివి తెలుగులో చెబుతుంది, తప్పుల తడకగా, ఒక్కమాటా దాచకుండా.

మొన్న చలికాలంలో పరీక్షకి వెళ్లినప్పుడు సునీత వెంట వచ్చింది. వరండాలో మా మాటలు విని ఒకబ్బాయి దగ్గరికి వచ్చాడు. నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడట. తండ్రిని ఊరి నుంచి తీసుకొచ్చాడు. ఆ పెద్దాయన కాస్త దూరంలో, భుజాన కండువాతో, బెంచీ చివర కూర్చుని దగ్గుతున్నాడు.

"ఆంటీ, మీరు తెలుగువాళ్లా? మీకిక్కడ దేనికి చూస్తున్నారు?"

చెప్పాను. అతను గొంతు తగ్గించాడు. "మా నాన్నగారిదీ దాదాపు అదేనండీ. ఆయనకి తెలీదు. ఇన్ఫెక్షన్ అని చెప్పాం. మీతో మాట కలిపితే ఆ పేరు మాత్రం ఎత్తకండి, ప్లీజ్."

"నేనై ఎత్తను బాబూ. ఆయన అడిగితే మాత్రం అబద్ధం చెప్పను."

అతను తండ్రి వైపు తిరిగి చూశాడు. "తట్టుకోలేరండీ ఆయన."

"తట్టుకోలేనిది నువ్వేమో చూసుకో. నేను అదిగో ఆ చివర కుళాయి దాకా వెళ్లి నీళ్లు తాగి వస్తాను. నా నడక నెమ్మది. ఈలోగా నువ్వే చెప్పు. పరాయిదాని నోటి నుంచి వినడమెందుకు ఆయన?"

సునీత నా మోచెయ్యి పట్టుకుని నడుస్తూ, "మనకెందుకండీ ఇది? ఏమన్నా అయితే?" అని గొణుగుతూనే ఉంది. నేను వెనక్కి తిరగలేదు. నీళ్లు తాగాను. గోడకి ఆనుకుని ఊపిరి తీసుకున్నాను. అక్కర్లేకపోయినా మళ్లీ తాగాను.

వచ్చేసరికి ఆ అబ్బాయి తండ్రి కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని ఉన్నాడు, తల వంచుకుని. పెద్దాయన చెయ్యి కొడుకు వీపు మీద ఉంది. ఆయన నన్ను చూశాడు.

"మీకు కోశారటగా అమ్మా?"

"కోశారండీ."

"నొప్పిగా ఉంటుందా?"

"చాలా ఉంటుంది" అన్నాను.

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. అప్పుడే లోపలి నుంచి ఆయన పేరు పిలిచారు. కొడుకు గబగబా లేవబోతే భుజం పట్టి ఆపి, బెంచీ అంచు ఆసరాగా తనే లేచి నిలబడ్డాడు.

"నేను ముందు నడుస్తాను. నువ్వు నా వెనక రా" అన్నాడు.